ఏరొచ్చిందంటే పెన్నే

తుపాను దాటిన మర్నాడు నెల్లూరులో ఎవరైనా "ఏరొచ్చింది" అంటే, ఏ ఏరని ఎదురు అడిగేవాళ్లుండరు. పెన్నే. గ్రంథాల్లో అది పినాకిని. శివుడి విల్లు పినాకం. నంది కొండల్లో పుట్టిన నదికి తగిన పేరే. గట్టున పుట్టి పెరిగినవాళ్ల నోట మాత్రం పెన్నేరు, లేదంటే వట్టి ఏరు.

597 కిలోమీటర్ల నడక దానిది. కన్నడసీమ నుంచి అనంతపురం మీదుగా వచ్చి, గండికోట దగ్గర ఎర్రమల కొండల్ని నిలువునా కోసి, సోమశిల దగ్గర మరో కొండల వరస దాటి, ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. దారంతా వానలు తక్కువ నేల కనుక ఏడాదిలో చాలా నెలలు ఇసకే కనిపిస్తుంది. అందుకే మనవాళ్లకు ఏరు "పారడం" కంటే "రావడం" పెద్ద సంగతి.

దానిలో కలిసేవాటి పేర్లు వినండి: కుందేరు, సగిలేరు, చెయ్యేరు, బొగ్గేరు. అన్నీ ఏర్లే. చెయ్యేరుకు సంస్కృతంలో బాహుద అని పేరు. అన్న తోటలో పండు కోసిన తప్పుకు చేతులు పోగొట్టుకున్న లిఖితుడికి ఆ నీళ్లలో మునగగానే చేతులు మొలిచాయని కథ. అక్కడ రెండు పేర్లూ ఒకే చేతిని పట్టుకున్నాయి. పెన్నలో కలవని స్వర్ణముఖి విషయంలో అలా జరగలేదు. దాని పాత పేరు మొగలేరు. ఆ మాట వింటే మన సముద్రపొడ్డు ఇసకదిబ్బల మీది మొగలి పొదలే నాకు కళ్లకు కడతాయి. వేటగాడు తిన్నడు పుక్కిట నీళ్లు పట్టి కాళహస్తి శివుడికి అభిషేకించింది ఆ ఏటి నీళ్లతోనే. బంగారం పేరు పైకొచ్చింది, మొగలేరు అడుగున పడింది. నాకు ఇది నష్టంగానే తోస్తుంది.

అడుగున పడ్డ పేరు తిరిగి పైకి రావచ్చు కూడా. ఆస్ట్రేలియాలో మెల్బోర్న్ నగరం మధ్య పారే యారా నదికి అక్కడి ఆదివాసుల పేరు బిర్రారుంగ్. 1835లో ఒక సర్వేయరు వాళ్ల మాటను పొరపాటుగా విని యారా అని రాసుకున్నాడు. 2017లో ఆ నది రక్షణకు చేసిన చట్టం పేరులోకే బిర్రారుంగ్ తిరిగివచ్చింది.

మన తీరంలో అలాంటి పాత పేర్లు అడగవలసింది యానాదుల్ని. కాలవల్లో చేపలు పట్టేది, ఏ మడుగు ఎప్పుడు ఎండుతుందో ఎరిగినదీ వాళ్లు. వెన్నెలకంటి రాఘవయ్య 1962లోనే వాళ్ల మీద ఒక పుస్తకం రాశారు. అయినా వాళ్లు పిలిచే నీటి పేర్లు మన పటాలకు ఎక్కలేదు. ఇసకలో తవ్వుకున్న నీటిగుంటను ఇక్కడ దొరువంటారు. పులికాట్ అంచున రాయదొరువు అనే ఊరి పేరులో ఆ మాట బతికే ఉంది. అలాంటివి ఇంకెన్నో పెద్దవాళ్ల నోళ్లలోనే ఉండిపోయాయి.

పాఠకులకు మా విన్నపం ఒక్కటే. మీ ఊరి పాయకు, మడుగుకు, తిన్నెకు యానాది పెద్దలు, పట్టపు జాలర్లు ఏం పేరు పెట్టుకున్నారో అడిగి, పలికిన తీరు దిద్దకుండా రాసి పంపండి. చెప్పినవారు ఒప్పుకుంటే వాళ్ల పేరుతోనే అచ్చు వేస్తాం.