టీఎస్‌హెచ్ నార్మల్.. మరి గొంతులో ఆ గడ్డ సంగతేంటి?

గొంతు ముందు గడ్డ తగలగానే మనలో చాలామంది చేసే పని, ల్యాబ్‌కు వెళ్లి థైరాయిడ్ ప్రొఫైల్ చేయించుకోవడం. టీ3, టీ4, టీఎస్‌హెచ్ నార్మల్ అని వస్తే హమ్మయ్య అనుకుంటారు. కానీ ఆ పరీక్ష గ్రంథి ఎలా పనిచేస్తోందో చెబుతుందే తప్ప, గడ్డ ఎలాంటిదో చెప్పదు. థైరాయిడ్ క్యాన్సర్ ఉన్న చాలామందిలో టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంటుంది. అల్ట్రాసౌండ్, అందులో అనుమానం వస్తే సూదితో చేసే ఎఫ్‌ఎన్‌ఏసీ అవసరం.

కంగారు వద్దు. ఈ గడ్డల్లో అత్యధికం క్యాన్సర్ కావు. అయినా ఎక్కువగా కనిపించేది పాపిల్లరీ రకం, అది చికిత్సకు బాగా లొంగుతుంది. చిక్కంతా అరుదైన వాటితోనే.

వాటిలో మెడ్యులరీ రకం థైరాయిడ్‌లోని సి-కణాల్లో పుడుతుంది. ఈ కణాలు అయోడిన్‌ను పీల్చుకోవు కాబట్టి రేడియో అయోడిన్ చికిత్స దీనిపై పనిచేయదు. ఎఫ్‌ఎన్‌ఏసీకి కూడా ఇది కొన్నిసార్లు దొరకదు. పట్టించేది రక్తంలో కాల్సిటోనిన్ పరీక్ష. మామూలు థైరాయిడ్ ప్యాకేజీల్లో అది ఉండదు, విడిగా అడగాలి. తగ్గని నీళ్ల విరేచనాలు కూడా దీని లక్షణమే కావచ్చు. పాపం, అలాంటివాళ్లు ముందు కడుపు డాక్టర్ల చుట్టూ తిరుగుతుంటారు.

అసలు విషయం ఇంట్లో మిగతావాళ్లది. మెడ్యులరీ కేసుల్లో సుమారు 25 శాతం వంశపారంపర్యం. కారణం రెట్ అనే జన్యువులో మార్పు. తల్లికో తండ్రికో అది ఉంటే ఒక్కో బిడ్డకూ వచ్చే అవకాశం 50 శాతం. మార్పు రకాన్ని బట్టి కొందరు పిల్లలకు ఐదేళ్లలోపే, అరుదుగా ఏడాదిలోపే గ్రంథి తీసేయాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. అందుకే కుటుంబంలో ఇంకెవరికీ లేకపోయినా, మెడ్యులరీ అని తేలిన ప్రతి ఒక్కరికీ ఈ జన్యు పరీక్ష చేయాలి. ఆపరేషన్‌కు ముందు అడ్రినల్ గ్రంథిలో కణితి లేదని నిర్ధారించుకోవడమూ తప్పనిసరి. అది ఉండగా మత్తు ఇస్తే బీపీ ప్రమాదకరంగా పెరగొచ్చు.

అనాప్లాస్టిక్ మరీ అరుదు, ఎక్కువగా 60 దాటినవారిలో వస్తుంది. గడ్డ వారాల్లోనే పెరిగి గొంతు బొంగురుపోతే, మింగడం కష్టమైతే వెంటనే క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్లండి. ఊపిరి ఆడకపోతే నేరుగా ఎమర్జెన్సీకే.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ప్రధానంగా ఆస్పత్రిలో చేరాక జరిగే చికిత్స చుట్టూ అల్లినవి. ఈ జబ్బులో కీలకమైన పరీక్షలు అంతకంటే ముందే కావాలి, కుటుంబానికైతే జబ్బు రాకముందే కావాలి. కాబట్టి ఏది పథకంలోకి వస్తుందో, ఏది చేతి ఖర్చో ఆరోగ్యమిత్రను మొదటి రోజే అడగండి. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే లాంటి పెద్దాస్పత్రికి మారుతుంటే రిపోర్టు ఒక్కటే సరిపోదు. పాత ల్యాబ్ నుంచి స్లైడ్లు, బయాప్సీ చేసి ఉంటే మైనపు బ్లాకులు కూడా వెంట తీసుకెళ్లండి. అవి మీవే, అడిగితే ఇస్తారు.