పంట పోయిన మనిషిని పలకరించండి

నల్లపాడు, చుట్టుపక్కల ఊళ్ళ పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, మిర్చి యార్డు కార్మికులకు, కమిషన్ కొట్ల వారికి విన్నపం.

2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతలో చేరి కాయ పడనీయలేదు. ఎన్ని మందులు కొట్టినా లొంగక, చాలామంది చేలు దున్నేశారు. అంతకు చాలా ముందు, 1987-88లో, తెల్లదోమ పత్తిని ఊడ్చేసినప్పుడు ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అప్పుడూ ఇప్పుడూ పురుగు గురించి, ధర గురించి, అప్పు గురించి మాట్లాడుకున్నాం. మాట్లాడుకోవలసిందే. నష్టపోయిన మనిషి తన గురించి తాను ఏమనుకుంటున్నాడో మాత్రం అడగలేదు.

"నా చేతకానితనం వల్లే ఇలా అయింది." "నేనుండి ఎవరికి లాభం?" ఇలాంటి మాటలు వింటే "ధైర్యంగా ఉండరా" అని భుజం తట్టి వచ్చేస్తాం. కానీ ఇలా ఎందుకూ పనికిరానని అనుకోవడం డిప్రెషన్ లక్షణాల్లో ఒకటి. అంతేకాదు, కొన్నిసార్లు ఆ జబ్బుకు దారితీసేదీ అదే. సోవిస్లో, ఓర్త్ అనే పరిశోధకులు 77 అధ్యయనాలను కలిపి చూసి 2013లో తేల్చిందేమిటంటే, డిప్రెషన్ మనిషికి తన మీద ఉన్న గౌరవాన్ని తగ్గించే దానికన్నా, ఆ గౌరవం ముందే తక్కువగా ఉన్నవారిని డిప్రెషన్ పట్టుకోవడం ఎక్కువ. అంటే జబ్బు రాక ముందే మనం చేయగలిగింది ఉంది.

మన ఊళ్ళలో మనిషికి తన మీద ఉండే గౌరవం నలుగురి నోటి మీద ఆధారపడి ఉంటుంది. పదిమందిలో బాకీ అడిగితే అది పోతుంది. పెళ్ళిలో "ఫలానా వాళ్ళకి ఎకరానికి అన్ని క్వింటాళ్ళు అయ్యాయట, నీకేమైంది?" అంటే పోతుంది. కౌలు రైతు సంగతి మరీ కష్టం. పొలం తనది కాదు, పంట పోయినా కౌలు కట్టాలి, బ్యాంకు అప్పు దొరకడం అరుదు. కొట్ల యజమానులారా, మీ డబ్బు మీకు రావాలి, కాదనం. పక్కకు పిలిచి అడగండి. అదొక్కటి చేసినా మేలే.

ఇంట్లో వాళ్ళు కనిపెట్టవలసింది ఇది. రెండు వారాలకు మించి నిద్ర పట్టక, తిండి సహించక, ఎవరితోనూ కలవక, తనను తాను తిట్టుకుంటూ ఉంటే దాన్ని బద్ధకమనో పొగరనో అనకండి. వంట, కూలిపని ఆగవు కనుక ఆడవాళ్ళలో ఈ జబ్బు ఇంకా మరుగున పడుతుంది. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. పురుగుమందులు ఇంట్లో ఉంచక, తాళం వేసిన చోట, తాళంచెవి వేరొకరి దగ్గర ఉండేలా చూడండి.

గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మానసిక సాయం అందించే టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నంబరును కొట్టు గోడ మీద, రచ్చబండ దగ్గర, ఎరువుల దుకాణంలో రాసి పెట్టండి. మీకు తెలిసినవారిలో ఈ ఏడాది పంట దెబ్బతిన్న ఇంటికి ఈ వారంలోనే ఒకసారి వెళ్ళి, అప్పు మాట ఎత్తకుండా కాసేపు కూర్చుని రండి.