జవాబు రాని ప్రార్థనకూ సంఘంలో చోటుండాలి

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చినప్పుడు లేచేవారెవరో, లేవనివారెవరో మనం ఎప్పుడైనా గమనించామా? జబ్బు నయమైనవారు లేస్తారు. కొడుక్కి ఉద్యోగం వచ్చినవారు, అమ్మాయికి సంబంధం కుదిరినవారు, కోర్టు కేసు తేలినవారు లేస్తారు. దేవుడు చేసిన మేళ్లు చెప్పుకోవడం మంచిదే, చెప్పాలి కూడా. కానీ అదే మందిరంలో వెనకాల గోడకు ఆనుకుని మరో నలుగురైదుగురు కూర్చుని ఉంటారు. వారూ అంతే ప్రార్థించారు, ఉపవాసాలున్నారు. వారి జబ్బు తగ్గలేదు, అప్పు తీరలేదు, మునిగిన చేను కోలుకోలేదు. వారు లేవరు. లేచి ఏం చెప్పాలి? సాక్ష్యమంటే చివర సంతోషంగా ముగియాలని మనమే కదా వారికి నేర్పింది!

నిరీక్షణ అనే మాటను మనం ఇక్కడే పోగొట్టుకుంటున్నాం. అడిగింది దొరికాక చెప్పేది కృతజ్ఞత. నిరీక్షణ అంతకు ముందరి సంగతి. కళ్లెదుట ఉన్నదాని కోసం ఎవరూ ఎదురుచూడరని రోమా సంఘానికి రాసిన పత్రిక ఎనిమిదో అధ్యాయంలో పౌలు వాదిస్తాడు. ఆయన మాట నిజమైతే, సంఘంలో నిరీక్షణను గురించి చెప్పగలిగినవారు గోడకానుకుని కూర్చున్న ఆ నలుగురే. వారినే మనం మాట్లాడనివ్వడం లేదు.

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల వాళ్లకు ఈ విషయం విడమరచి చెప్పనక్కర్లేదు. జిల్లా పేరు 2022లో ఎన్టీఆర్ జిల్లాగా మారినా మా నేల మాత్రం పాత కృష్ణా జిల్లా మెట్ట నేలే. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయి డెల్టాకు కాలువలు వెళ్లాయి, మెట్టకు రాలేదు. తర్వాత వందేళ్లు దాటాక సాగర్ ఎడమ కాలువ వచ్చింది. అయితే మేము ఉన్నది దాని చివరన. ఆఖరి చేనుకు నీరు ఎప్పుడందుతుందో, అసలు అందుతుందో లేదో తెలియదు. పత్తి, మిరప వేసి ఆకాశం వైపు చూడడం ఇక్కడి బతుకు. పోనీ వాన పడితే చాలా అంటే, అదీ కాదు. 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాద్ రహదారి మీదికి వచ్చింది. 2024 సెప్టెంబరు మొదట్లో మళ్లీ వచ్చింది. ఆ రోజుల్లోనే గరికపాడు దగ్గర పాలేరు వంతెన దెబ్బతింది. దారి ఆగిపోయిన వార్త లోకమంతా చూసింది. దారి పక్కన నీళ్లలో నానిన పత్తి చేలను చూసినవారు తక్కువ.

అంతకు ముందు 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతను తినేసింది. మందు మీద మందు కొట్టినా లొంగలేదు. ఆ తర్వాత ఒకటి రెండేళ్లు ధర బాగుందని మళ్లీ అందరూ మిరపే వేశారు. 2025 ఆరంభానికి ధర ఎంతగా పడిపోయిందంటే, క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్కగట్టి కేంద్రం మార్కెట్ జోక్యం పథకం ప్రకటించవలసి వచ్చింది. పురుగు వస్తే పంట ఉండదు, పంట ఉంటే ధర ఉండదు, రెండూ ఉన్న ఏడు మున్నేరు ఊరుకోదు. ఇది నవ్వుకోవడానికి మేము అనుకునే మాటే గానీ, కౌలు కట్టవలసిన ఇంట్లో దీనికి నవ్వు రాదు.

ఇలాంటి ఇంటికి వెళ్లి మన బోధకులు కొందరు ఏం చెబుతున్నారు? ఒక రకం వారు, మీ ఇంట్లో ఏదో పాపం ఉంది, ఒప్పుకోండి అంటారు. మరో రకం వారు, విశ్వసించి కానుక వేయండి, వచ్చే ఏడు రెండింతలు పండుతుంది అంటారు. ఈ రెండూ వేర్వేరు ప్రసంగాల్లా కనిపిస్తాయి గానీ, లోపల ఉన్నది ఒకే లెక్క. మంచివాడికి మంచి, చెడ్డవాడికి చెడు, వెంటనే, ఇక్కడే. యోబు స్నేహితులు చెప్పిందీ ఇదే. ఆ గ్రంథం చివరి అధ్యాయంలో దేవుడు కోపించింది ప్రశ్నలు వేసిన యోబు మీద కాదు, దేవుని తరఫున వాదించామనుకున్న ఆ స్నేహితుల మీద! సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయినప్పుడు వారు మిగతావారికంటే పాపులా అని యేసు ప్రభువే ఎదురు ప్రశ్న వేశాడు. కాదని తానే చెప్పాడు. మున్నేరు వరదకూ అదే జవాబు. ప్రభువు కాదన్న మాటను ఆయన పేరిటే చెప్పడానికి మనకు నోరెలా వస్తుందో!

నందిగామ దగ్గరే రాఘవాపురం ఉంది. పాగోలు వెంకయ్య కథ ఈ ప్రాంతపు విశ్వాసుల ఇళ్లలో చాలామందికి తెలిసిందే. మాలపల్లెలో పుట్టినవాడు, ఒకప్పుడు దొంగల ముఠాకు నాయకుడని సంఘ చరిత్రకారులు రాశారు. 1859లో డార్లింగ్ దొర చేత ఆయనా, ఆయనతో కొందరూ బాప్తిస్మం పొందారు. కృష్ణా జిల్లా పల్లెల్లో సంఘాలు గుంపులు గుంపులుగా పుట్టడానికి అది మొదలు. 1891లో కన్నుమూసే దాకా ఆయన ఊరూరా సువార్త చెబుతూనే ఉన్నాడు. మనం ఈ కథను ఎప్పుడూ బాప్తిస్మం దగ్గర మొదలుపెడతాం. అసలు కథ అంతకు ముందుంది.

దేవుడంటే ఎవరో వేరే ఉన్నాడని ఎవరి నోటనో విన్న వెంకయ్య అప్పటిదాకా చేస్తున్న పూజలు మానేశాడు. ఆ దేవుడి పేరు తెలియదు. గ్రంథం లేదు, గుడి లేదు, బోధకుడు లేడు. ఉన్నది ఒక్క ప్రశ్నే. అన్నీ చేసిన ఆ గొప్ప దేవుడివి నువ్వెవరివి, ఎక్కడున్నావు, నాకు కనిపించు అని ప్రార్థించేవాడట. కృష్ణలో స్నానాల పండుగకని బెజవాడ వెళ్లినప్పుడు అక్కడొక బ్రాహ్మణుణ్ణి దేవుని గురించి అడిగితే, అదిగో ఆ దొరనడుగు అని చూపించాడని చెబుతారు. ఆ దొరే డార్లింగ్. అక్కడ జవాబు దొరికింది. మరి జవాబు దొరకని ఆ రోజులన్నిటి మాటేమిటి? ఆ ప్రార్థన ప్రార్థన కాదా? రాఘవాపురపు సంఘం నిజానికి ఆ రాత్రుల్లోనే పుట్టిందంటే తప్పేముంది?

ఇంకొకటి. బాప్తిస్మం పొందిన మర్నాడు ఆ పల్లెలో కూలి పెరిగిందని గానీ, నూతిలో నీళ్లు తోడుకోనిచ్చారని గానీ ఎవరూ రాయలేదు. మెట్ట మెట్టగానే ఉంది. మారింది అడిగేవాడు. తన ప్రశ్నను వినేవాడొకడున్నాడని తెలిసింది. దానితోనే ఆయన మిగిలిన ముప్ఫై రెండేళ్లూ బతికాడు.

మన బైబిలులో ఇలాంటి ప్రార్థనలు ఎన్నో ఉన్నాయి, మనం చదవం. ఇరవై మూడో కీర్తన చదవని సమాధి కార్యక్రమం ఉండదు. ఎనభై ఎనిమిదో కీర్తన ఎవరైనా చదవగా విన్నామా? అది చీకటిలో మొదలై చీకటిలోనే ముగుస్తుంది. చివర్లో వెలుగు ముక్క ఒకటి అతికించాలని ఎవరికీ అనిపించలేదు, పరిశుద్ధాత్మ దేవుడు దాన్ని అలాగే ఉంచాడు. హబక్కూకు ప్రవక్త సంగతీ అంతే. ఇంకెన్నాళ్లు అని మొదలుపెట్టి, కావలి గోపురం ఎక్కి జవాబు కోసం నిలబడ్డాడు. చెట్టు కాయకపోయినా, చేను పండకపోయినా, దొడ్డిలో పశువు లేకపోయినా దేవునిలో ఆనందిస్తానన్నాడు. గమనించండి, వచ్చే ఏడు పండుతుందని ఆయన అనలేదు.

ఇది పుస్తకాల్లో మాత్రమే ఉండే విశ్వాసం కాదు. మిరప కోతలు, శ్రమల దినాలు చాలా ఏళ్లు ఒకేసారి వస్తాయి. తెల్లవారక ముందే టిఫిన్ క్యారేజీలు పట్టుకుని ఆటోలో కిక్కిరిసి వెళ్లే అక్కలు, వదినలు ఆటో కదలగానే ఒక చిన్న ప్రార్థన చేసుకుంటారు. సాయంత్రానికి చేతులు మండుతుంటాయి, కొబ్బరినూనె రాసుకున్నా ఆ మంట పోదు. డ్వాక్రా వాయిదా కట్టాలి, పిల్లవాడి హాస్టలు ఫీజు కట్టాలి. ఆ చేతులతోనే అన్నం వండి, రాత్రి ఎనిమిది దాటాక శ్రమల కూటానికి వస్తారు. కూర్చున్నచోటే కునుకు తీస్తారు కూడా. గెత్సెమనేలో శిష్యులు నిద్రపోయిన భాగం మీద ఆ రాత్రి ప్రసంగమైతే, పాస్టరుగారు వారివైపు చూసి గట్టిగా మందలించకుండా ఉంటే బాగుంటుంది. ఏ సాక్ష్యమూ చెప్పకుండానే వారు చెబుతున్నది పెద్ద సాక్ష్యం.

అయితే ప్రార్థించి ఊరుకోవడం మన పని కాదు. వరద నష్టం రాసుకునేటప్పుడు రికార్డులో ఉన్నది భూయజమాని పేరు. మునిగింది కౌలురైతు పెట్టుబడి. 2019 నాటి పంటసాగుదారుల హక్కుల చట్టంలో కౌలు కార్డుకు యజమాని సమ్మతి సంతకం కావాలని పెట్టారు. సంతకం పెడితే పొలం పోతుందేమోనని చాలామంది వెనకాడారు. మన సంఘాల్లో కూడా టీచర్లుగా, ఉద్యోగులుగా పట్నంలో ఉంటూ ఊళ్లో ఎకరమో రెండెకరాలో కౌలుకిచ్చినవారున్నారు. కానుకల పెట్టెలో వేసే నోటు కంటే ఆ కాగితం మీద వారు పెట్టే సంతకం దేవునికి ఎక్కువ ఇష్టమని మా అభిప్రాయం. బోయజు తన పొలంలో రూతు కోసం పనలు విడిచిపెట్టమన్నాడని ప్రసంగాల్లో చెప్పుకుంటాం గదా, ఇది అంత కష్టమైన పని కూడా కాదు.

కోత పండుగ సంగతి కూడా సంఘ పెద్దలు ఆలోచించాలి. గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్లు తెచ్చి బల్ల ముందు పెడతాం, వేలం పాడతాం. ఆ రోజు తేవడానికి ఏమీ లేనివారు అసలు మందిరానికే రారు. ముందుగా వారింటికి ఒకరు వెళ్లి పిలవాలి. ఆరాధన క్రమంలో వేలానికి ముందు ఐదు నిమిషాలు వారికివ్వాలి. చేను మునిగిందనీ, ప్రార్థించినా మునిగిందనీ, ఇంకా అడుగుతూనే ఉన్నామనీ వారు చెబితే చెప్పనివ్వాలి. చెప్పడం అయ్యాక వెంటనే డప్పు అందుకోకుండా, ఎవరూ వివరణ ఇవ్వకుండా, సంఘమంతా కాసేపు వారితో కలిసి మోకరించాలి.