ఇంటి బడి: ఇరవై ఏడా, సత్తావీసా?



కిందటి నెల మా ఇంట్లో ఒక చిన్న తగవు వచ్చింది. దానికి మూలం 27 అనే అంకె.

మా మనవడు ఇక్కడే దుర్గాపూర్‌లో మరాఠీ బడిలో రెండవ తరగతి చదువుతున్నాడు. పంతులమ్మ "సత్తావీస్" అని చెబితే వీడు 72 వ్రాశాడు. "పంచేచాళీస్" అంటే 45 బదులు 54 వేశాడు. పదింటిలో ఆరు తప్పులు. మా కోడలు నోటుపుస్తకం చూసి, "అత్తమ్మా, ఇంట్ల తెలుగు లెక్కలు బంద్ చేద్దాం. పోరడు ఆగమైతున్నడు" అన్నది.

నా మనసు చివుక్కుమన్నది. మా మామగారు బొగ్గుగని పనికి వచ్చిన నాటినుండి ఈ ఊళ్ళోనే ఉన్నాము. గడప దాటితే మరాఠీ, హిందీ. తెలుగు మిగిలింది వంటింట్లో, వేళ్ళమీది లెక్కల్లో. అదీ పోతే ఇంకేమున్నది? అయినా కోడలి బెంగా నిజమే కదా! తప్పెక్కడున్నదో చూద్దామని కూర్చున్నాను.

మనం "ఇరవై ఏడు" అంటాము. పదులు ముందు, ఒకట్లు తరువాత. వ్రాసే వరసా అదే. మరాఠీలో ఏడు ముందు, ఇరవై వెనుక. వాడి చెవికి ముందు ఏడు వినిపించింది, చేయి ముందు ఏడే వేసింది. లెక్క రాక కాదు సుమా! ఇక 29ని వారు "ఏకోణతీస్" అంటారు, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. ఇది సంస్కృతపు వరస. మన పంచాంగంలోని సప్తవింశతి నక్షత్రాలు కూడా ఆ తీరువే. జర్మనులూ ఏడు చెప్పిన తరువాతే ఇరవై చెబుతారు. కనుక మనది సూటి, వారిది వంకర అనుకోవద్దు.

ఈ చిక్కు మన పిల్లలకే కాదు. 2019లో బాలభారతి వారి రెండవ తరగతి గణితపుస్తకంలో "వీస్ సాత్" అని చదివే పద్ధతి వచ్చింది. దానిమీద శాసనసభ దాకా రచ్చ జరిగింది. ఆ గణిత సమితికి పెద్ద మంగళా నార్లీకర్ గారు. జోడక్షరాల మాటలతో పిల్లలు తడబడుతున్నారనీ, దక్షిణాది భాషల్లో అంకె వ్రాసినట్లే చదువుతారనీ ఆమె చెప్పారు. ఆమె 2023లో కన్నుమూశారు. మన ఇంటి మాట అంత పెద్ద చర్చలో ఉదాహరణగా నిలిచింది. దాన్ని మనమే బంద్ చేసుకొందామా?

నేను చేసినది ఇది. చీపురు పుల్లలు పదేసి చొప్పున కట్టలు కట్టాను. రెండు కట్టలు, విడిగా ఏడు పుల్లలు పెట్టి, "ఇది ఇరవై ఏడు, ఇదే సత్తావీస్. కుప్ప ఒకటే, పేర్లు రెండు" అన్నాను. మాట పూర్తిగా విన్న తరువాతనే పెన్సిలు పెట్టాలి, పదుల గడి ముందు నింపాలి అని నియమం. పదిహేను రోజుల్లో తప్పులు ఒకటికి దిగినవి. కోడలే ఇప్పుడు కట్టలు కడుతున్నది.

ఏది ముందు, ఏది వెనుక అనే ఈ వరసే కంప్యూటరు చదువుకూ పునాది. ఇంగ్లండులో 2014 నుండి ఐదారేండ్ల పిల్లలకే, పనిని మెట్లు మెట్లుగా విడదీసి చెప్పటం నేర్పుతున్నారు. మన కేంద్ర విద్యాశాఖ కూడా మూడవ తరగతి నుండి ఇటువంటి ఆలోచనాపద్ధతిని, కృత్రిమ మేధను పాఠాల్లో చేరుస్తామని 2025లో ప్రకటించింది. భయపడకండి, యంత్రం లేకుండానే ఇది మన వాకిట్లో ఉన్నది. "ఐదు చుక్కలు, మూడు వరకు, సందు చుక్క" అంటే చాలు, ఏ ఊరి పిల్ల అయినా అదే ముగ్గు వేస్తుంది. నడుమ ఐదు, పైనా కిందా నాలుగేసి, ఆపైన మూడేసి. మొత్తం 19. కంప్యూటరుకు చెప్పేదీ ఇటువంటి ఆజ్ఞే. వరస తప్పితే ముగ్గు చెడుతుంది.

మీ పిల్లలకు ఒక లెక్క: ఏడు చుక్కలు, నాలుగు వరకు, సందు చుక్క. మొత్తం ఎన్ని? ముందు తెలుగులో ఎంచమనండి, తరువాత మరాఠీలో చెప్పమనండి. జవాబు వచ్చే నెల.