బండ నెత్తిన పొయ్యి

నంద్యాలలో బ్యాంకు కోచింగ్‌కు పిల్లల్ని పంపేటప్పుడు మా నందికొట్కూరు తల్లులు పచ్చడి డబ్బాలతోపాటు చిన్న గ్యాస్ బండ కూడా సర్దుతారు. నెత్తిన బర్నర్ బిగించుకునే రకం. బయటి తిండి తినకూడదన్న తాపత్రయం, తప్పుపట్టను. కానీ అందులో గ్యాస్ ఎక్కడ పట్టిస్తున్నారో అడిగారా? పెద్ద బండ నుంచి కిలోల లెక్కన ఎక్కించే కొట్లలో వాల్వు, వాషరు ఎవరు చూస్తారు? కంపెనీలు అమ్మే 5 కిలోల బండకు అడ్రసు రుజువు అక్కర్లేదు, గుర్తింపు కార్డు చాలు. ధర ఎక్కువే. అయినా అదే కొనివ్వాలంటాను.

వంటగ్యాస్ గాలికన్నా బరువు. లీకైతే నేలమీదే పరుచుకుంటుంది. పిల్లలు చాప వేసుకుని పడుకునేదీ ఆ నేలమీదే! వంటయ్యాక వాల్వు కట్టేయడం పిల్లలకు ఇంట్లోనే అలవాటు చేయాలి. ఆ బుల్లి బండ మీద ఐదు లీటర్ల కుక్కరు పెడితే ఊగుతుంది, చిన్న గిన్నె ఇచ్చి పంపండి. చలికాలం కిటికీలు బిగించి వండితే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే ఉండదు. గ్యాస్ వాసనొస్తే మాత్రం స్విచ్చులు ముట్టకుండా తలుపులు తీసి, బయటికొచ్చి 1906కు ఫోన్ చేయాలి. ఆ నంబరు గది గోడమీద రాయించండి, ఓనరమ్మ సణిగినా సరే.