ఆర్.ఆర్.ఆర్. చిత్రము - విమర్శకుల తూనిక

తెలుగు పాట యొకటి 2023 మార్చి 12వ తేదీన లాస్ ఏంజెలెస్ నగరమున ఆస్కారు బహుమానము నందుకొన్నది. 'నాటు నాటు' పాటకు సంగీతము కూర్చిన కీరవాణిగారిని, పదములల్లిన చంద్రబోసుగారిని అభినందింపని తెలుగువాడుండడు. మేమును మనసార అభినందించితిమి. అయితే పాశ్చాత్యులు మెచ్చిన వస్తువును మరల మన త్రాసున తూచుట అపచారమను భావమొకటి నాటినుండి మనలో ప్రబలినది. ఇది మెచ్చదగినది కాదు.

2022 మార్చిలో విడుదలయిన 'ఆర్.ఆర్.ఆర్.' చిత్రమున జూనియర్ ఎన్.టి.ఆర్., రామ్ చరణ్, అజయ్ దేవగన్, ఆలియా భట్ మొదలగు ప్రసిద్ధ నటులెల్లరు కలరు. రాజమౌళిగారి కల్పనాశక్తిని, ఆ నృత్యవేగమును విదేశ విమర్శకులు కొనియాడిరి. న్యాయమే. కొమురం భీము ఎవరో వారెరుగకపోవుట దోషము కాదు. మనమెరుగుదుము గదా!

అల్లూరి సీతారామరాజు 1924లో, భీము 1940లో జోడేఘాటు కొండలలో అమరులైరి. వారిద్దరిని 1920 నాటి ఢిల్లీలో మిత్రులుగా కలుపుట కవికల్పన. ఆ స్వేచ్ఛ కళాకారునకు కలదు. మా యాక్షేపణ అన్యము. భీము పోరాడినది నిజాము ప్రభుత్వముతో, భూమికొరకు, అడవికొరకు. చిత్రమున నిజాము పక్షము ఆంగ్లేయునకు హెచ్చరిక మోసుకొనివచ్చు దూతతోనే సరిపోయినది. భూమి మాట దాదాపు లేదు. తుదకు భీము తనకు, తనవారికి చదువు ప్రసాదింపుమని రాముని యర్థించును; 'జల్, జంగల్, జమీన్' అను భీము నినాదమును రాముడు పతాకపై వ్రాసి యిచ్చును! భీము చాందాలో ఒక ముద్రాపకుని యొద్ద అక్షరములు నేర్చెనని ఆయన కథ చెప్పుకొనువారందురు. ఆయన నినాదమునకు పరుల చేవ్రాలు ఏల?

మన దేశపు విమర్శకులు కొందరు ఈ సంగతి నెత్తిచూపకపోలేదు. జయధ్వానములలో వారి గొంతు వినబడలేదు.

విచిత్రమేమన, దీనికి సమాధానము ఆ చిత్రమునందే కలదు. కొరడా దెబ్బలు తినుచు మోకరిల్లనొల్లక భీము పాడిన 'కొమురం భీముడో' పాటను వ్రాసినది సుద్దాల అశోక్ తేజగారు. పూర్వపు నల్లగొండ జిల్లా సుద్దాలవారు, తెలంగాణ సాయుధ పోరాటకాలమున పాటలు కట్టిన హనుమంతుగారి కుమారులు. ఆ ఘట్టమున భీము ఎవరియొద్దను నేర్వవలసినవాడు కాడు. జనులు అతని పాటతో తిరుగబడుదురు. రాముడే అతని వలన కనువిప్పు పొందును. ఆ పాట పాడిన కాలభైరవకు 2023లో జాతీయ బహుమానము ప్రకటింపబడినది.

దేవరకొండ శాసనసభాస్థానము షెడ్యూల్డు తెగలకు కేటాయింపబడినది; చుట్టును లంబాడా తండాలు. గోండులు వేరు, లంబాడాలు వేరు. అడవి, భూమి తగవు మాత్రము ఉభయులకును తెలిసినదే. భీమును తెరపైననే తొలుత చూచు తండా బాలుడు, తనవంటివాడు అక్షరమునకై ఒరుల యెదుట చేయి చాచెననియే యెంచడా? 'నాటు నాటు' చిందులను పుటలకొలది వర్ణించిన మన విమర్శకులలో ఈ ప్రశ్న వేసినవారెందరు?