అడిగి తెచ్చిన ఉత్తరాలు కావివి

స్పామ్ ఫిల్టర్ రాయడం నేర్చుకునే కుర్రాళ్ళకు మనలో చాలామందిమి చెప్పే పాఠం ఒకటే. ఎన్రాన్ ఈమెయిళ్ళు దింపుకో, నైవ్ బేయెస్ నడుపు, నూటికి తొంభై పైచిలుకు మార్కులు వచ్చాయని మురిసిపో. ఓ ముప్పై లైన్ల కోడ్. ఆ ఉత్తరాలు ఎవరివి, ఎలా వచ్చాయి, వాటితో తయారైన ఫిల్టర్ మన ఉత్తరాల్ని ఏమనుకుంటుంది అన్న ప్రశ్నలు మాత్రం పాఠంలో ఉండవు. రాజకీయాలు మాట్లాడుకునే చోట ఈ కోడ్ గొడవ ఎందుకు అంటారేమో. ఎవరి మాట వినబడాలో, ఎవరిది చెత్తబుట్టలో పడాలో తేల్చడం రాజకీయం కాకపోతే మరేమిటి?

మన దేశంలో దభోల్ ప్రాజెక్టుతో రచ్చకెక్కిన ఎన్రాన్ 2001 డిసెంబరులో దివాలా తీసింది. 2000-01 కాలిఫోర్నియా కరెంటు సంక్షోభంలో ధరల అక్రమాలపై విచారణ జరిపిన ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్, తన చేతికొచ్చిన ఉద్యోగుల ఉత్తరాల్ని 2003లో నెట్‌లో పెట్టేసింది. పరిశోధకులు శుభ్రం చేశాక కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పంచిపెడుతున్న ప్రతిలో దాదాపు 150 మందివి, సుమారు 5 లక్షల ఉత్తరాలున్నాయి. మోసం చేసినవాళ్ళ ఉత్తరాలు జనం చూడాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ మూటలోనే ఏ పాపం ఎరగనివాళ్ళ ఇంటి సంగతులూ కొట్టుకొచ్చాయి. ఉద్యోగులు అడిగాక కొన్ని తీసేశారు. అప్పటికే ఎన్ని కాపీలు ఎక్కడికి వెళ్ళాయో!

స్పామ్ పాఠాల్లో వాడేది ఇందులోంచి 2006లో గ్రీసు పరిశోధకులు చేసిన ఎన్రాన్-స్పామ్. మంచి ఉత్తరాలు ఆరుగురు ఉద్యోగుల పెట్టెల్లోవి, స్పామ్ వేరే చోట్ల పోగేసినది. మొత్తం 33,716. ఫిల్టర్ ఏ మాటకు ఎంత తూకమిచ్చిందో నేను ప్రింటు తీసి చూశాను. మంచివైపు పైపైనే కంపెనీ పేరు, గ్యాస్ వ్యాపారం మాటలు! ఇది స్పామ్‌ను పట్టడం కాదు, ఆఫీసు గుర్తింపు కార్డు చూసి లోపలికి వదలడం. 1999 నాటి స్పామ్‌బేస్‌దీ ఇదే వరస. హ్యూలెట్ ప్యాకర్డ్‌లో పోగేసిన ఆ 4,601 ఉత్తరాల్లో 'జార్జ్' అనే పేరో, 650 అనే ఏరియా కోడో ఉంటే మంచిదన్నట్టే. చేసినవాళ్ళే ఈ సంగతి రాసి హెచ్చరించారు. పాఠం చెప్పేవాళ్ళు చదివితే కదా.

ఇక మన సంగతి. పెద్ద మెయిలు కంపెనీలు ఎన్రాన్ మూట మీద బతకడం లేదు, కోట్లమంది నొక్కే స్పామ్ బటన్ వాళ్ళకుంది. కానీ చిన్న ఆఫీసుల్లో, సంఘాల సర్వర్లలో సొంతంగా రాసుకున్న ఫిల్టర్లు ఇప్పటికీ ఉన్నాయి. మా సంఘంలో ఒక కుర్రాడు రోడ్డు ప్రమాదంలో పోతే, పార్థివ దేహాన్ని ఊరు పంపడానికి చందాలు అడుగుతూ ఉత్తరం వేశాం. 'అర్జెంట్', 'డబ్బు', 'బ్యాంకు అకౌంటు' అన్నీ అందులో ఉండక తప్పదు. మిగతాది ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ఎన్రాన్ మూటతో తయారైన ఫిల్టర్‌కు పెడితే స్పామ్ అంది. అనదా మరి? 'అన్నయ్య గారూ' అన్న పిలుపు దానికి ఏ మూలా కనబడలేదు.

డేటా డేటాయే, ఎప్పుడో బయటపడ్డదానికి ఇప్పుడు ఏడుపేమిటని ఒక మిత్రుడన్నాడు. వాడొద్దని నేననడం లేదు. కంపెనీ పేరు, మనుషుల పేర్లు తీసేసి వాడండి, వచ్చిన మార్కులు ఏ పెట్టె మీద వచ్చాయో రాయండి. దాంతోపాటు మన సంఘాలు తెలుగు ఉత్తరాలు పోగెయ్యాలి. తెలుగు లిపివి, ఇంగ్లీషు లిపిలో రాసినవి, మనకొచ్చే లాటరీ మోసాలు, వీసా మోసాలు అన్నీ. పేర్లు, ఫోన్ నంబర్లు చెరిపేసి, ఇచ్చినవాళ్ళు వెనక్కి అడిగితే తీసేసే షరతుతో.

చిక్కల్లా ఉత్తరానికి ఇద్దరు యజమానులుంటారు. నా పెట్టెలోంచి మొదటి విడత ఇవ్వడానికి నేను సిద్ధం. రాసినవాళ్ళను ఒక్కొక్కరినీ అడుగుతున్నాను. మా పెద్దమ్మ మాత్రం ససేమిరా వద్దంది, ఆవిడవి పక్కన పెట్టేశాను.